ఇడ్లీ బండికి చోటెక్కడ?

పట్టణాల్లో పేదలకు కాలనీ కట్టడమంటే గోడలు లేపడం ఒక్కటే కాదు. అక్కడ ఉండబోయేవాళ్ల బతుకును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లకే కాదు.. సోషల్ వర్క్, కంప్యూటర్స్ చదివినవాళ్లకూ ఈ రంగంలో పని ఉంది. ఎలా అడుగుపెట్టాలో చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. 300 చదరపు అడుగుల ఫ్లాట్. జీ+3 బ్లాకులో పై అంతస్తు. లిఫ్టు లేదు. ఆ ఇల్లు లాటరీలో ఒక టిఫిన్ బండి కుటుంబానికి వచ్చింది. తెల్లారుజామున నాలుగింటికి లేవాలి. పిండి డబ్బాలు, గ్యాస్ సిలిండర్, ఇడ్లీ పాత్రలు మూడంతస్తులు దించాలి. సరే, అదీ చేస్తారనుకుందాం. రాత్రి బండి ఎక్కడ పెట్టాలి?

స్ట్రక్చరల్ అనాలసిస్‌లో టాప్ మార్కులు వచ్చిన వాళ్లను అడిగినా దీనికి జవాబు దొరకదు. ఎందుకంటే ఇది సిలబస్‌లో లేదు. కానీ ఆ కుటుంబం కొత్త ఇంట్లో ఉంటుందా, లేక తాళం వేసి పాత బస్తీకే తిరిగి వెళ్లిపోతుందా అన్నది తేల్చేది మాత్రం ఇలాంటి ప్రశ్నలే. వీటికి జవాబు వెతికే పనికి 'కమ్యూనిటీ హౌసింగ్ డిజైన్' అని పేరు. ప్లేస్‌మెంట్ సెల్ బోర్డు మీద ఈ పేరు పెద్దగా కనిపించదు. అందుకే చాలామందికి దీని గురించి తెలియదు.

టిడ్కో ఇళ్లు నేర్పే పాఠం

పైన చెప్పిన లెక్క ఊహించి రాసింది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో సంస్థ పట్టణ పేదల కోసం కట్టిన ఇళ్లు మూడు రకాలు: 300, 365, 430 చదరపు అడుగులు. ఏలూరు దగ్గర పోణంగి సహా రాష్ట్రంలోని చాలా పట్టణాల్లో ఈ జీ+3 బ్లాకులు కనిపిస్తాయి. బస్సులో వెళ్తూ మీరూ చూసే ఉంటారు.

వీటిని షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. అంటే ఇటుక గోడలుండవు. అల్యూమినియం షట్టరింగ్ బిగించి, గోడలు, శ్లాబు అన్నీ కాంక్రీటుతోనే పోస్తారు. పని వేగంగా అవుతుంది, నాణ్యత ఒకేలా ఉంటుంది. ఇంజినీరింగ్ పరంగా మంచి పద్ధతే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఇక్కడ గోడే బరువు మోస్తుంది. కాబట్టి తర్వాతెప్పుడో కిటికీ కావాలన్నా, కింద కొట్టు పెట్టుకోవడానికి తలుపు కావాలన్నా గోడ కొట్టడానికి వీల్లేదు. డ్రాయింగ్ మీద సంతకం పడిన రోజే ఆ కుటుంబం యాభై ఏళ్లు ఎలా బతకాలో ఖాయమైపోతుంది. అందుకే ఈ టెక్నాలజీ వాడేటప్పుడు మనుషులతో మాట్లాడటం ఇంకా ఎక్కువ అవసరం.

రెండో పాఠం ఇల్లు దాటాక మొదలవుతుంది. చాలాచోట్ల బ్లాకులు లేచినా తాగునీరు, మురుగు లైన్లు, రోడ్లు పూర్తికాక లబ్ధిదారులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఇల్లంటే నాలుగు గోడలు కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. తర్వాత వచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది: మెట్ల దగ్గర లైటు, నీళ్ల మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఉండని కుటుంబాలకు అసోసియేషన్ ఎలా నడపాలో నేర్పేదెవరు? ఇదీ డిజైన్‌లో భాగమే. ఇదీ ఒక ఉద్యోగమే.

ఉన్నచోటే కొత్త ఇల్లు

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట దీనికి మంచి కేస్ స్టడీ. అక్కడి ఐడీహెచ్ కాలనీలో ఇళ్లు పాడైపోయి, కూలిపోయే స్థితికి వచ్చాయి. వాళ్లను ఊరి బయటికి పంపకుండా, పాత ఇళ్లు తీసేసి అదే స్థలంలో జీ+2 పద్ధతిలో 396 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టారు. 2015 నవంబరులో అవి ప్రారంభమయ్యాయి. తెలంగాణ డబుల్ బెడ్రూం పథకానికి ఇదే మొదటి నమూనా.

ఇప్పుడు దీన్ని సంగారెడ్డి జిల్లా కొల్లూరుతో పోల్చండి. దాదాపు 145 ఎకరాల్లో, 117 బ్లాకుల్లో, 15,660 ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభమైంది. లిఫ్టులు, రోడ్లు, మురుగునీటి శుద్ధి.. సంఖ్యలో, సౌకర్యాల్లో పెద్ద ప్రాజెక్టే. కానీ అది నగరం అంచున, అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఉంది. సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆవిడకు అక్కడ ఇల్లొస్తే? ఇల్లు దొరుకుతుంది, పని పోతుంది. లేదా జీతంలో పెద్ద ముక్క బస్సు చార్జీలకే పోతుంది.

ఎక్కడ ఏది సరైనదన్నది ఒక్క మాటలో తేలదు. నగరం నడిబొడ్డున భూమి దొరకదు, దొరికినా చిన్నది. ఊరి బయట భూమి ఉంటుంది, బతుకుతెరువు ఉండదు. ఈ రెంటి మధ్య లెక్క తేల్చగలిగినవాడే హౌసింగ్ ప్లానర్. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో మురికివాడను ఉన్నచోటే తిరిగి కట్టడానికి ఒక ప్రత్యేక విభాగం ఉండేది. 2024లో వచ్చిన రెండో విడతలో ఆ పేరుతో విడిగా విభాగం లేదు, అందుబాటు అద్దె ఇళ్లకు మాత్రం చోటిచ్చారు. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఈ తేడా తెలుసుకుని వెళ్లడం మంచిది.

బన్సీలాల్‌పేటలో ఇంకో సంగతీ ఉంది. దశాబ్దాలుగా చెత్తతో పూడిపోయిన 17వ శతాబ్దపు మెట్లబావిని అక్కడే పూడిక తీసి, 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ ఆధ్వర్యంలోని ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, నగర పాలక యంత్రాంగం కలిసి చేసిన పని అది. ఒకే పేటలో ఇళ్లు బాగుపడ్డాయి, జనం కూర్చునే చోటూ బాగుపడింది. పాత పట్టణానికి మళ్లీ ప్రాణం పోయడమంటే ఇలా రెండూ కలిసి జరగడమే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1967లోనే హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 'అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్' ప్రాజెక్టు మొదలుపెట్టింది. కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీల్లో తిరిగి, జనంతో కూర్చుని ఏం కావాలో తేల్చుకునేవారు. ముందు మాటలు, తర్వాతే ప్లాన్లు అన్న పద్ధతి మనకు కొత్తదేమీ కాదు.

సగం ఇల్లు, పూర్తి ఆలోచన

డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఏం చేయాలి? దీనికి మూడు జవాబులు ప్రపంచమంతా పాఠాలుగా చెప్పుకుంటోంది.

మొదటిది ఇండోర్‌లోని అరణ్య. బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన ఈ టౌన్‌షిప్‌లో దాదాపు 85 హెక్టార్లలో 6,500 ప్లాట్లు వేశారు. అతి పేద కుటుంబాలకు పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, మురుగు కనెక్షన్, ఒక గది దాకా ఇచ్చి మిగతాది వాళ్ల చేతికి వదిలేశారు. డబ్బు సమకూరినప్పుడల్లా ఒక గది, ఒక మెట్ల వరస, ముందు ఒక కొట్టు. 1995లో ఈ ప్రాజెక్టుకు ఆగాఖాన్ అవార్డు వచ్చింది. దోషికి 2018లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి దక్కింది. ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

రెండోది చిలీ దేశంలోని ఇకికే పట్టణం. నగరం మధ్యలో అర హెక్టారు ముక్కలో 30 ఏళ్లుగా ఉంటున్న సుమారు వంద కుటుంబాలను అక్కడే ఉంచాలి. ఒక్కో కుటుంబానికి భూమితో సహా ప్రభుత్వ సాయం 7,500 డాలర్లు. ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం చిన్న ఇల్లు పూర్తిగా కట్టే బదులు మంచి ఇంట్లో సగం కట్టింది. వంటిల్లు, బాత్రూం, మెట్లు, పైకప్పు లాంటి కష్టమైన భాగాలు ప్రభుత్వ డబ్బుతో, పక్కన వదిలిన ఖాళీ కుటుంబం ఓపికతో. 2004లో పూర్తయిన ఈ క్వింటా మన్రాయ్ పేరు ఇప్పుడు ఏ ఆర్కిటెక్చర్ క్లాసులో అయినా వినిపిస్తుంది.

మూడోది నవీ ముంబై బేలాపూర్‌లో చార్లెస్ కొరియా 1980ల్లో చేసిన కాలనీ. ఏడేసి ఇళ్లను ఎనిమిది మీటర్ల వాకిలి చుట్టూ పెట్టారు. అలాంటి మూడు గుంపులు కలిస్తే ఇంకాస్త పెద్ద వాకిలి. ఏ ఇంటికీ పక్కింటితో ఉమ్మడి గోడ లేదు, ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు పెంచుకోవచ్చు. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది వింటే ఏం గుర్తొస్తుంది? మన మండువా లోగిలే కదా! మధ్యలో ఆకాశం కనిపించే చోటు, చుట్టూ గదులు. కొరియా ఆ వాకిలిని ఒక్క కుటుంబానికి కాకుండా ఏడు కుటుంబాలకు ఇచ్చారు, అంతే.

మన నేలకు తగ్గట్టు

ఇండోర్ ప్లాన్ తెచ్చి గణపవరంలోనో, తాడేపల్లిగూడెంలోనో పెడితే నడవదు. మా గణపవరం వైపు ఎవరైనా ఇల్లు మొదలుపెడితే మొదట అడిగేది 'మెరక ఎంత పోయాలి?' అనే. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, కాలువలు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. నేల చాలావరకు నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని తీర్చిదిద్దింది. అడుగున గడ్డలా ఉబ్బిన ఆ పైలు, నేల కదిలినా ఇంటిని కదలనివ్వదు. సివిల్ విద్యార్థులు దీని ఐఎస్ కోడ్ 2911 మూడో భాగాన్ని పరీక్ష కోసం కాకుండా ఒకసారి మామూలుగా చదవండి.

మెరక సంగతి కూడా అంత తేలిక కాదు. కాలనీ మొత్తం మూడడుగులు లేపి, నీళ్లు పోయే దారి చూపించకపోతే ఆ నీళ్లు పక్క పేటలోకి పోతాయి. కొత్త కాలనీ పొడిగా ఉంటుంది, పాత బస్తీ మునుగుతుంది. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేరులో కలుస్తాయి. కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా ఎవరో ఒకరి ఇంట్లోకి నీళ్లు రావాల్సిందే. కొల్లేరు పిల్లలకు 'ఐదో కాంటూరు' అన్న మాట సర్వేయింగ్ క్లాసుకు వెళ్లకముందే తెలుసు. చెరువుల గొడవల్లో విన్నదే. ఆ మాట వెనకున్న లెక్కను కాలనీ డ్రాయింగ్‌లోకి తేగలిగితే అది మీకు ఇంకెవరికీ లేని బలం.

స్థలం చిన్నదైనప్పుడు ఈ నైపుణ్యానికి విలువ ఇంకా పెరుగుతుంది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణాల్లో ఇచ్చింది సెంటు చొప్పున. సెంటంటే 48.4 చదరపు గజాలు. అందులో ఇల్లు, మరుగుదొడ్డి, ముందు ఒక చిన్న అరుగు, వెనక బట్టలు ఆరేసుకునే చోటు పట్టాలి. అరుగు తీసేస్తే గది కాస్త పెద్దదవుతుంది. కానీ సాయంత్రం ముసలమ్మ కూర్చునే చోటు పోతుంది, పూలమాలలు కట్టి అమ్ముకునే చోటూ పోతుంది. ఏది ఉంచాలి? ఈ ప్రశ్న ఆఫీసులో కూర్చుంటే తేలదు. ఆ ముసలమ్మను అడగాలి.

ఎవరికి ఏ పని?

ఈ రంగంలో డిజైనర్ ఒక్కడే ఉండడు. ఒక కాలనీ వెనక కనీసం ఇంతమంది ఉంటారు:

• సివిల్ ఇంజినీర్: పునాది, నీరు, మురుగు, వరదనీటి లెక్కలు. ఎస్టిమేషన్ వచ్చినవాళ్లకు ఇక్కడ విలువ ఎక్కువ.

• ఆర్కిటెక్ట్, ప్లానర్: ఇంటి ప్లాను, లేఅవుట్, గాలి వెలుతురు, ఉమ్మడి స్థలాలు.

• కమ్యూనిటీ ఆర్గనైజర్: కుటుంబాలతో సమావేశాలు, సర్వే, నివాసుల సంఘం ఏర్పాటు. ఎంఎస్‌డబ్ల్యూ, సోషియాలజీ చదివినవాళ్లకు సరిపోతుంది. పట్టణాల్లో పొదుపు సంఘాలతో పనిచేసే మెప్మా ఇలాంటి పనికి మంచి బడి.

• డేటా, జీఐఎస్ నిపుణులు: డ్రోన్ సర్వే, మ్యాపులు, ఏ ఇంటికి ఏ సౌకర్యం ఉందో చూపే డేటాబేస్. సీఎస్‌ఈ వాళ్లు వచ్చే దారి ఇదే.

• ఫైనాన్స్: లబ్ధిదారుల వాటా, బ్యాంకు రుణాలు, నిర్వహణ నిధి. బీకాం, ఎంబీఏ వాళ్లకు.

ప్రభుత్వంలో చూస్తే, టౌన్ ప్లానింగ్ విభాగంలో బిల్డింగ్ ఓవర్సీర్ నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ దాకా పోస్టులకు సర్వీస్ కమిషన్ల ద్వారా నోటిఫికేషన్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్, ఎమినిటీస్ కార్యదర్శులు సరిగ్గా ఈ పనులే చూస్తారు. గృహనిర్మాణ కార్పొరేషన్లలో ఇంజినీర్లుంటారు. కేంద్రంలో 1970 నుంచి ఇళ్లకు, పట్టణ సౌకర్యాలకు రుణాలిస్తున్న హడ్కో ఉంది. అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ అసలు ప్రకటనే చదవండి, వాట్సాప్ ఫార్వర్డులు కాదు.

స్వచ్ఛంద సంస్థల్లో అహ్మదాబాద్‌లోని మహిళా హౌసింగ్ ట్రస్ట్, భూకంపం తర్వాత భుజ్‌లో పుట్టిన హున్నర్‌శాల, లారీ బేకర్ ఆలోచనలతో నడిచే కేరళలోని కాస్ట్‌ఫోర్డ్ పేర్లు రాసిపెట్టుకోండి. ఇంటర్న్‌షిప్ అడగడానికి మొహమాటం వద్దు.

జీతం గురించి దాచకుండా చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌తో పోల్చుకుంటే మీ జీతం తక్కువే ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో అయితే ఇంకా తక్కువ. ఇంటి మీద అప్పు ఉన్నవాళ్లు, చెల్లి పెళ్లి బాధ్యత ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకుని దిగాలి. ఉద్యోగం చేస్తూనే జీఐఎస్, డ్రైనేజీ మోడలింగ్ నేర్చుకుని తర్వాత మారిపోవడమూ ఒక దారే. తొందరేం లేదు.

చదువు ఎక్కడ?

ఇంటర్ తర్వాత అయితే ఐదేళ్ల బీఆర్క్‌కు నాటా లేదా జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ, నాలుగేళ్ల బీప్లానింగ్‌కు పేపర్ 2బీ దారి చూపిస్తాయి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి నడుస్తోంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నాయి.

ఇప్పటికే బీటెక్ సివిల్ చేస్తున్నవాళ్లూ రావచ్చు. చాలా సంస్థలు ఎంప్లానింగ్‌కు సివిల్ వాళ్లను తీసుకుంటాయి. గేట్‌లో సివిల్‌తో పాటు ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరూ ఉంది. ఢిల్లీ ఎస్పీఏలో హౌసింగ్ స్పెషలైజేషన్, అహ్మదాబాద్ సెప్ట్‌లో అర్బన్ హౌసింగ్ కోర్సు, ఖరగ్‌పూర్ ఐఐటీలో సిటీ ప్లానింగ్ ఉన్నాయి. తాడేపల్లిగూడెం నిట్‌లోనో, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదివేవాళ్లకు అసలు ల్యాబ్ కాలేజీ గేటు బయటే ఉంది. మే నెలలో కాంక్రీటు గోడ ఇంట్లో మధ్యాహ్నం ఎంత వేడి ఉంటోంది? పక్కనున్న పాత పెంకుటింట్లో ఎంత? ఒక థర్మామీటరు, ఇంటివాళ్ల అనుమతి ఉంటే చాలు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు సిద్ధం.

నెల రోజుల్లో పోర్ట్‌ఫోలియో

సర్టిఫికెట్ల కట్ట కంటే ఒక్క వీధి మీద బాగా చేసిన పని ఎక్కువ మాట్లాడుతుంది. మీ ఊళ్లోనే ఒక పాత పేటనో, వాడకంలో లేని ఖాళీ స్థలాన్నో ఎంచుకోండి. 30 నుంచి 40 ఇళ్లు చాలు.

మొదటి వారం: కేవలం చూడండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి వెళ్లండి. నీళ్లు ఎక్కడ పడుతున్నారు, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, బండ్లు ఎక్కడ ఆగుతున్నాయి, వాన పడితే నీళ్లు ఎటు పోతున్నాయి.. అన్నీ మ్యాపు మీద గుర్తుపెట్టండి. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

రెండో వారం: కనీసం 15 కుటుంబాలతో మాట్లాడండి. ఫారం తీసి 'మీ ఆదాయమెంత?' అని మొదలుపెట్టకండి. 'పిన్నిగారూ, ఇక్కడ నుంచి మారమంటే ఏం పోతుంది?' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే సగం డిజైన్ దొరుకుతుంది. ఇల్లు ఇస్తామన్న ఆశ మాత్రం కల్పించొద్దు. విద్యార్థులమని, చదువు కోసం చేస్తున్నామని ముందే చెప్పండి. పేర్లు, ఫొటోలు వాళ్లు ఒప్పుకుంటేనే వాడండి.

మూడో వారం: గీయండి. ఒక్క ప్లాను కాదు, రెండు. ఒకటి ఉన్నచోటే బాగుచేసేది, ఒకటి పూర్తిగా తిరిగి కట్టేది. వాననీటి లెక్కకు ఎస్‌డబ్ల్యూఎంఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. ప్రతి ప్లానుకూ ఖర్చు వేయండి. కట్టే ఖర్చే కాదు, నెలనెలా మోటారు బిల్లు, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించే ఖర్చు కూడా.

నాలుగో వారం: ఆ ప్లాన్లు అదే వీధికి పట్టుకెళ్లి చూపించండి. చార్టు గోడకు అంటించి మాట్లాడనివ్వండి. వాళ్లు ఏం మార్చమన్నారో, మీరు ఏం మార్చారో పక్కపక్కన పెట్టి రాయండి. పోర్ట్‌ఫోలియోలో అన్నిటికంటే విలువైన పేజీ అదే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువసేపు ఆగేది కూడా అక్కడే.

ఇదంతా చేశాక లాటరీ గురించి ఒక్కసారి ఆలోచించండి. లాటరీలో న్యాయం ఉంది, సిఫార్సు నడవదు. కానీ పాత వీధిలో ఒకరి బిడ్డను ఒకరు చూసుకునే నలుగురు, కొత్త కాలనీలో నాలుగు బ్లాకుల్లో పడతారు. నలుగురైదుగురు కలిసి ఒకే గుంపుగా లాటరీలో నిలబడే వీలుంటే? పై మెట్లెక్కలేని వాళ్లకు కింది ఇల్లు ముందే కేటాయిస్తే? టిఫిన్ బండ్ల వాళ్లకు బ్లాకు కింద ఒక వరస షెడ్డు, ఒక నీళ్ల పంపు ఉంటే? వీటికి అదనపు సిమెంటు పెద్దగా అక్కర్లేదు. ప్లాను గీసే రోజున ఎవరో ఒకరు ఆ గదిలో ఉండి అడగాలి.

ఆ గదిలోకి వెళ్లే అర్హత మీ డిగ్రీ ఇస్తుంది. అక్కడ ఏం అడగాలో మాత్రం మీ ఊరి వీధే నేర్పుతుంది. ఈ ఆదివారం పొద్దున్నే ఒక నోట్‌బుక్, ఒక టేపు పట్టుకుని బయల్దేరండి. మొదట ఆగాల్సింది టిఫిన్ బండి దగ్గరే. రెండు ఇడ్లీలు తిని, బండి రాత్రి ఎక్కడ పెడతారో అడగండి.